అర మిల్లీమీటరు మందంలో చూపు

పాన్‌డబ్బాల్లో పొగాకుతో పాటు అమ్మే సున్నం ప్యాకెట్ చిన్నపిల్లల గుప్పిట్లో ఇమిడిపోతుంది. ఆటలో గట్టిగా నొక్కితే చాలు, పగిలి సున్నం కంట్లోకి చిమ్ముతుంది. సున్నం క్షారం. కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. రెప్పల కింద పలుకులు కూడా మిగలకుండా ధారగా నీళ్లు పోసి కడగాలి. ఆసుపత్రికి పరుగు ఆ తర్వాతే.

అలా కాలిపోయేది కార్నియా. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. ఒంట్లోని కణజాలాలు నాలుగు రకాలని బడిలో చదువుకుంటాం. కండరం తప్ప మిగతా మూడూ ఆ కాస్త మందంలోనే ఉన్నాయి. పైన అయిదారు వరుసల ఉపకళ. దాని కణాల నడుమ కిక్కిరిసిన నాడుల కొసలు. అందుకే నలుసు పడితే ప్రాణం విలవిల్లాడుతుంది. కింద, మందంలో దాదాపు 90 శాతం, కొల్లాజెన్ పోగులతో నిండిన సంయోజక కణజాలం.

తెల్లగుడ్డులో ఉన్నదీ ప్రధానంగా కొల్లాజెనే. మరి అది ఎందుకు తెల్లగా ఉంది, ఇది ఎందుకు కనిపించకుండా ఉంది? తేడా అంతా అమరికలో ఉంది. తెల్లగుడ్డులో పోగులు సన్నవీ లావువీ కలిసి అడ్డదిడ్డంగా అల్లుకుని, పడిన వెలుగును చెదరగొడతాయి. కార్నియాలో అన్నీ ఇంచుమించు ఒకే లావు, మధ్య ఎడం కూడా సమానం. వెలుగు సూటిగా లోపలికి పోతుంది. లోతైన గాయం మానేటప్పుడు కొత్త పోగులు ఆ క్రమం తప్పితే కంట్లో పువ్వు వేస్తుంది.

ఇక్కడ రక్తనాళాలు లేవు. ప్రాణవాయువు ఎక్కువగా గాలి నుంచి, కన్నీటి పొర గుండా అందుతుంది. నాళాలు లేకపోవడం వల్లే ఒకరి కార్నియా ఇంకొకరికి అతకడం తేలికైంది. 1905 డిసెంబరులో ఒలొమౌట్స్ పట్టణంలో ఎడువార్డ్ జిర్మ్ తొలిసారి విజయవంతంగా అతికించింది కూడా సున్నంతో కళ్లు కాలిన ఒక కూలీకే.

అయితే నలుపూ తెలుపూ కలిసే అంచున మూలకణాలుంటాయి. ఉపకళను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించేవి అవే. సున్నం వాటినీ చంపేస్తే, పక్కనున్న పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. దాత కార్నియా ఒక్కటే అతికించినా నిలవదు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ప్రచురించిన పద్ధతి ఎంత సరళమో చూడండి. బాగున్న రెండో కంటి అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్నచిన్న తునకలు చేస్తారు. కాన్పు తర్వాత పారేసే మాయలోని పలుచని ఉమ్మనీటి పొరను కార్నియా మీద పరిచి, దానిపై ఆ తునకలను జిగురుతో అంటిస్తారు. కణాలు కంట్లోనే పెరుగుతాయి. ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. పేదలకు ఎక్కువగా తగిలే గాయానికి ఇంతకంటే తగిన వైద్యం ఉంటుందా!

అట్టడుగున ఇంకో పొర ఉంది. ఒకే వరుస కణాలు, లోపలికి ఊరే నీటిని నిరంతరం తోడేస్తుంటాయి. పెద్దవాళ్లలో ఇవి పోతే మళ్లీ పుట్టవన్నట్టే. అప్పుడు దాత కన్నే దిక్కు. కళ్లద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా నేత్రదానం చేయవచ్చు. మరణించాక ఆరు గంటల్లోపు సేకరించాలి కాబట్టి ఇంట్లోవాళ్లు వెంటనే నేత్రనిధికి ఫోన్ చేసి, ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి ఉంచాలి.