ఆపేసిన సర్వర్‌ దూరం నుంచి ఎలా ఆన్ అవుతుంది?

ఆపేసిన సర్వర్ పూర్తిగా నిద్రపోదు. ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ పవర్ సప్లై కొద్దిపాటి కరెంటును లోపలికి పంపుతూనే ఉంటుంది. దీన్ని స్టాండ్‌బై పవర్ అంటారు. రిమోట్ నొక్కగానే టీవీ వెలగడానికీ ఇదే కారణం.

ఆ కొద్ది కరెంటుతోనే మదర్‌బోర్డు మీద ఒక చిప్ మేలుకొని ఉంటుంది. పేరు బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్, పొట్టిగా బీఎంసీ. చిప్ అంటున్నాం గానీ, ఇది కంప్యూటర్‌లో దాగిన మరో బుల్లి కంప్యూటర్. దీనికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంత ఐపీ అడ్రస్ ఉంటాయి. చాలా సర్వర్లలో విడిగా ఒక నెట్‌వర్క్ పోర్టు కూడా ఉంటుంది. డెల్ సర్వర్లలో బీఎంసీని ఐడ్రాక్ అని, హెచ్‌పీఈ సర్వర్లలో ఐలో అని పిలుస్తారు. సర్వర్‌ను ఇలా దూరం నుంచి నడిపే పనులకు ఐపీఎంఐ అనే ఉమ్మడి నియమాలు 1998లో వచ్చాయి.

ఇంజినీరు బ్రౌజర్‌లో బీఎంసీ ఐపీ అడ్రస్ కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే, వచ్చే వెబ్ పేజీని పంపేది బీఎంసీయే. అందులో ‘పవర్ ఆన్’ నొక్కితే? సర్వర్ ముందున్న బటన్‌ను వేలితో నొక్కినప్పుడు మదర్‌బోర్డుకు ఎలాంటి సంకేతం అందుతుందో, అలాంటిదే బీఎంసీ పంపుతుంది. వెంటనే పూర్తి కరెంటు పారుతుంది, ఫ్యాన్లు హోరుమంటాయి. సర్వర్ ముంబైలో ఉన్నా, దాని తెర మీద రావాల్సిన అక్షరాలను హైదరాబాద్‌లో కూర్చుని చూడవచ్చు.

ఇంత అధికారమున్న పేజీ దొంగల చేతిలో పడకూడదు. అందుకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ తప్పక మార్చాలి, బీఎంసీని నేరుగా ఇంటర్నెట్‌కు కలపకూడదు. ప్లగ్ ఊడిపోతే మాత్రం బీఎంసీ కూడా ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు సర్వర్ దగ్గరికి వెళ్లాల్సిందే.