మళ్లీ మ్యాచ్ ఎప్పుడు?

2016 జులై 31. హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. పురుషుల ప్రొ కబడ్డీ ఫైనల్ జరిగిన రోజే, అదే వేదిక మీద మహిళల కబడ్డీ చాలెంజ్ ఫైనల్ కూడా జరిగింది. తేజస్విని బాయి నాయకత్వంలోని స్టార్మ్ క్వీన్స్, మమతా పూజారి నాయకత్వంలోని ఫైర్ బర్డ్స్‌ను 24-23తో ఓడించింది. ఒక్క పాయింటు తేడా. గెలిచినవాళ్లు గొప్పలు చెప్పుకోవడానికి, ఓడినవాళ్లు ఏడాదంతా పళ్లు నూరడానికి ఇంతకంటే మంచి స్కోరు దొరకదు. కానీ పగ తీర్చుకునే ఆ మరుసటి ఏడాది రానేలేదు. పురుషుల లీగ్ సీజన్ తర్వాత సీజన్ సాగిపోయింది, మహిళల చాలెంజ్ ఆ ఒక్క ఏడాదితోనే ఆగిపోయింది. మహిళల ఆటకు జనం రారు, రారు గనుక లీగులు నిలవవు అని మన దగ్గర చాలామంది ఎప్పుడో ఒప్పేసుకున్నారు. ఆ లెక్కను చివరి నుంచి మొదటికి చదవాలని ఈ కథనం అంటుంది. ముందు లీగ్ నిలవాలి. ఇదే జట్టు వచ్చే ఆదివారం, వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఆడుతుందన్న నమ్మకం కుదరాలి. అభిమానులు తయారయ్యేది ఆ తర్వాతే. మంచి మ్యాచ్ ఎవరైనా చూస్తారు. 'మళ్లీ ఎప్పుడు?' అని అడిగినవాళ్లకు జవాబు దొరక్కపోతే, ఆ చూడటం అక్కడితో సరి.

దీనికి సాక్ష్యం మొదట ఇంటి దగ్గరే వెతుకుదాం. సంక్రాంతికో, ఉగాదికో, ఊరి తిరునాళ్లకో నంద్యాల జిల్లా పల్లెల్లో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలే చూడండి. ఒంగోలు జాతి జత ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే అక్కడ లెక్క. చుట్టూ నిలబడ్డవాళ్లలో ఏ జత ఏ ఊరిదో, యజమాని ఎవరో, పోయిన తిరునాళ్లలో ఎన్ని అడుగుల దగ్గర నిలిచిపోయిందో నోటికి చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఇదంతా ఎవరూ పాఠం చెప్పలేదు. తిరునాళ్ల తేదీ కదలదు గనుక పోటీ కూడా కదలదు. అవే ఊళ్లు, అవే పేర్లు ఏటా ఎదురుపడుతుంటే జ్ఞాపకం దానంతటదే పేరుకుంటుంది. ఆళ్లగడ్డ పక్క పల్లెలకైతే ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. అహోబిలం నరసింహస్వామి పారువేట కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన పల్లెల మీదుగా సాగుతుంది. పల్లకీ తమ ఊరికి ఏ రోజు చేరుతుందో అక్కడివాళ్లకు ముందే తెలుసు. కూతుళ్లనూ అల్లుళ్లనూ పిలుచుకోవడం ఆ రోజును బట్టే. భక్తిని తెచ్చి బంతాటతో ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. ఎదురుచూడటానికి ఒక రోజంటూ ఉంటే ఈ సీమ జనం ఏడాది పొడవునా ఎదురుచూస్తారు, అంతవరకే నా మాట.

ఇక అలాంటి రోజే లేని మహిళల బాస్కెట్‌బాల్ సంగతి. నంద్యాల అయినా ఆళ్లగడ్డ అయినా ఈ ఆట ఆడే అమ్మాయికి దారి ఒక్కటే. బడి జట్టు, సెలక్షన్లు, జిల్లా జట్టు, అదృష్టముంటే రాష్ట్ర జట్టు. ప్రతి మెట్టు మీదా చేతికొచ్చేది సర్టిఫికెట్. ఆ కాగితం విలువను నేను తక్కువ చేయను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఆడపిల్లను గ్రౌండుకు పంపాలా వద్దా అని తటపటాయించే ఇంట్లో ఆ ఒక్క శాతం కూడా మాట్లాడుతుంది. అయితే సర్టిఫికెట్ కోసం ఆడే ఆటకు పరీక్ష లక్షణం వస్తుంది. పరీక్ష హాల్లో ప్రేక్షకులతో పనేముంది? సెలక్టరు, పీఈటీ సారు, స్కోరు రాసేవాళ్లు ఉంటే చాలు. పై మెట్టు మీదా కథ ఇదే. మన దేశంలో మహిళా బాస్కెట్‌బాల్‌ను దశాబ్దాలుగా మోస్తున్నది రైల్వేలు. ఆస్ట్రేలియాలో క్లబ్బు తరఫున ఆడి, 2011లో అమెరికా మహిళల లీగ్ జట్ల ట్రయల్స్ దాకా వెళ్లిన గీతూ అన్నా జోస్‌దీ రైల్వే కొలువే. పద్మశ్రీ అందుకున్న అనితా పాల్‌దురైదీ రైల్వే కొలువే. 2017లో బెంగళూరులో మన అమ్మాయిలు కజకిస్తాన్‌ను 75-73తో ఓడించి ఆసియా కప్ బి డివిజన్ గెలిచారు. రెండు పాయింట్ల తేడాతో అంతర్జాతీయ ఫైనల్! ఆ ఆనందాన్ని మరుసటి వారం ఏ ఊరి జట్టు దగ్గరికి తీసుకెళ్లాలి? రైల్వే జట్టుకు జీతాలున్నాయి గానీ ఊరు లేదు. తెలుగు ఊరి పేరు పెట్టుకుని, ఏటా ఒకే లీగ్‌లో ఆడే మహిళా బాస్కెట్‌బాల్ జట్టు మనకు లేనే లేదు.

అందుకే మన దగ్గర ఈ ఆట మీద నిజంగా మనసుపడ్డవాళ్లు చివరికి అమెరికా డబ్ల్యూఎన్‌బీఏ వైపే చూడాలి. న్యూయార్క్‌లో రాత్రి ఏడింటికి మొదలయ్యే మ్యాచ్ నంద్యాలలో మర్నాటి తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుంది. అలారం పెట్టుకుని లేచి చూడాల్సిన ఆట అన్నమాట. లేచినందుకు దొరికేదేమిటో చెప్పడానికి న్యూయార్క్ లిబర్టీ కథ ఒక్కటి చాలు. 1997లో లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్న జట్టది. ఆ తొలి ఏడాదే ఫైనల్ చేరి హ్యూస్టన్ కామెట్స్ చేతిలో ఓడింది. 1999 సెప్టెంబరు 4న మళ్లీ అదే హ్యూస్టన్, ఫైనల్స్ రెండో మ్యాచ్. ఇంకా 2.4 సెకన్లే మిగిలాయి. కామెట్స్ రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. హ్యూస్టన్ గెలిచేసిందనుకుని పైనుంచి రంగుకాగితాలు రాల్చడం కూడా మొదలుపెట్టారు. టెరీసా వెదర్‌స్పూన్ తమ సగం కోర్టులోంచే బంతి విసిరింది. అది బోర్డుకు తగిలి రింగులో పడింది. 68-67. మర్నాడు జరిగిన మూడో మ్యాచ్‌లో లిబర్టీ ఓడి, టైటిలూ పోగొట్టుకుంది. అయినా ఆ జట్టు అభిమానులు ఇప్పటికీ చెప్పుకునేది ఆ విసురు గురించే. ఆ తర్వాత 2000లో, 2002లో, 2023లోనూ ఫైనల్స్‌లో ఓటమే. మధ్యలో ఇంతకంటే హీనమైన రోజులు కూడా వచ్చాయి. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆడిన జట్టును 2018లో ఊరవతల వైట్ ప్లెయిన్స్‌లోని చిన్న హాలుకు తరిమారు. 2020లో 22 మ్యాచ్‌లు ఆడి 20 ఓడింది. చివరికి 2024 అక్టోబరు 20న బ్రూక్లిన్‌లో, ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో, అదనపు సమయంలో మినసోటా లింక్స్‌ను 67-62తో ఓడించి తొలి టైటిల్ గెలిచింది.

ఆ అయిదో మ్యాచ్‌ను కొత్తగా చూసినవాళ్లకు అదొక మోటు ఆటలా కనిపించి ఉంటుంది. జట్టు తార సబ్రీనా అయోనెస్కు ఆ రోజు 19 సార్లు షాట్‌కు ప్రయత్నిస్తే ఒక్కటే పడింది. తారే చేతులెత్తేస్తే మ్యాచ్ ఎలా గెలిచారు? సబ్‌స్టిట్యూట్‌గా దిగిన న్యారా సబాలీ 13 పాయింట్లు చేసింది. జాంక్వెల్ జోన్స్ 17 చేసింది. తక్కినదంతా పడని ప్రతి బంతి కోసం రింగు కింద జరిగిన కుమ్ములాట, డిఫెన్స్‌లో అవతలివాళ్లను ఊపిరాడనివ్వకపోవడం. ఆ జట్టును అయిదేళ్లుగా అంటిపెట్టుకున్న అభిమానికి ఇదంతా వేరేగా కనిపిస్తుంది. 2020లో ఇదే అయోనెస్కు కొత్తవాళ్ల డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా వచ్చి మూడో మ్యాచ్‌కే చీలమండ దెబ్బతో ఆ సీజన్‌కు దూరమైందని గుర్తుంటుంది. ఆ ఫైనల్స్‌లోనే మూడో మ్యాచ్‌ను చివరి క్షణాల్లో దూరం నుంచి కొట్టి గెలిపించింది ఆమేనని గుర్తుంటుంది. పంతొమ్మిదికి ఒకటి అన్న అంకెకు బరువు వచ్చేది ఈ గుర్తుల వల్ల. ఆట నాణ్యతంటే కోర్టులో కనిపించేది ఎంతో, చూసే మనిషి వెంట తెచ్చుకున్న జ్ఞాపకం కూడా అంతే. ఆ జ్ఞాపకానికి 27 ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ లీగ్ బతికి ఉండబట్టే అది పేరుకుంది.

మహిళల ఆట నెమ్మదిగా ఉంటుంది, ఎగిరి రింగులో బంతి కుక్కడం లేదు, జనానికి ఏం కిక్కు వస్తుంది అనేవాళ్లుంటారు. మొదటి సగం నిజమే. రింగు ఎత్తు అందరికీ 10 అడుగులే, మహిళల బంతి కాస్త చిన్నది, డంకులు అరుదు. అందువల్లే బంతి ఎక్కువ చేతులు మారుతుంది, దారి మూసుకుపోయినప్పుడు పాస్‌తోనే తెరవాలి, ఒకరు అడ్డు నిలిచి ఇంకొకరికి చోటు చేయాలి. చూడటం నేర్చుకున్న కంటికి ఇది కొరత అనిపించదు. కబడ్డీలోనూ మహిళల మ్యాట్ చిన్నది, సగం ఆట 20కి బదులు 15 నిమిషాలే. ఆ 24-23 అంత బిగువుగా ఉండటానికి అదేమీ అడ్డురాలేదు. ఇంకా సూటి జవాబు మన బండలాగుడు పోటీల్లోనే ఉంది. పాలపళ్ల విభాగం, రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, చివర సీనియర్లు. ప్రతి విభాగానికీ వేరే బండ, వేరే బహుమతి. పాలపళ్ల గిత్తలు సీనియర్ల బండను కదపలేవని అందరికీ తెలుసు, ఆ కారణంతో ఎవరూ లేచి ఇంటికి పోరు. ఆడపిల్లలను ఎద్దులతో పోల్చాడని ఎవరైనా కస్సుమనే లోపు చెప్పేస్తున్నాను, ఇక్కడ పోలుస్తున్నది చూసే జనాన్ని. తన కొలతలో తాను బిగువుగా సాగే పోటీని మన జనం ఎప్పటి నుంచో ఇష్టంగానే చూస్తున్నారు.

డబ్బు సంగతి ఇంత తేలిగ్గా తేలదు. డబ్ల్యూఎన్‌బీఏ వెనుక పురుషుల ఎన్‌బీఏ ఖజానా ఉంది, మనకెవరున్నారు? ఈ అభ్యంతరంలో బలముంది. మొదటి నాలుగు టైటిళ్లూ వరుసగా గెలిచిన హ్యూస్టన్ కామెట్స్ కూడా 2008లో మూతపడింది. గెలుపులు జట్టును కాపాడలేవు. ఎవరో ఒకరు నష్టాన్ని ఏళ్ల తరబడి మోయాలి. కానీ మోసినచోట ఏమైందో కూడా చూడాలిగా. 2025లో కొత్తగా దిగిన గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడిన ప్రతి సొంత మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. మన దగ్గర క్రికెట్ కథా అంతే. ఐపీఎల్ 2008లో వచ్చింది, మహిళల ప్రీమియర్ లీగ్ 2023లో. మధ్యలో పదిహేనేళ్లు, చూసేవాళ్లు లేరన్న సాకు. తీరా అయిదు జట్ల హక్కులు అమ్మితే 4,669.99 కోట్లు వచ్చాయి. క్రీడాకారిణుల మొదటి వేలంలోనే ఆదోని అమ్మాయి అంజలి శర్వాణిని యూపీ వారియర్స్ 55 లక్షలకు తీసుకుంది. మరుసటి ఏడాది చివర్లో కడప జిల్లా శ్రీచరణిని ఢిల్లీ క్యాపిటల్స్ తీసుకున్నదీ, చిత్రంగా, 55 లక్షలకే. 2025 నవంబరు 2న భారత్ మహిళల ప్రపంచకప్ గెలిచేనాటికి శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసి ఉంది. క్రికెట్ వేరు కదా అంటారు. వేరే. ఆ క్రికెట్‌లోనూ లీగ్ రాకముందు రాయలసీమలో మహిళా బౌలరు ఓవరు కోసం ఎదురుచూసినవాళ్లెందరు? ఇప్పుడు ఫిక్చర్లు చూసి ఢిల్లీ మ్యాచ్ ఏ రోజో వెతుకుతున్నారు. ఆట మారలేదు, తేదీల పట్టిక వచ్చింది.

బాస్కెట్‌బాల్‌కు అంత డబ్బు అక్కర్లేదు. నా అంచనాలో జాతీయ లీగ్‌తో మొదలుపెట్టడమే పొరపాటు. 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై అనే పురుషుల జట్టు ఉండేది. ఆ లీగ్ 2017తో ఆగింది, ఆ జట్టు పేరు ఇప్పుడెంతమందికి తెలుసు? నాలుగు ఊళ్లు చాలు. నంద్యాల, ఆళ్లగడ్డ, కర్నూలు, ఆదోని. ఊరికి పన్నెండు మంది అమ్మాయిలు, మ్యాచ్‌కు ఇంత అని రుసుము, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారాలు, జెర్సీ మీద ఊరి పేరు. ఏ కారణానా ఏడాది మానకూడదన్నది ఒక్కటే నిబంధన. ఈ ప్రాంతంలో ఆడవాళ్ల పేర్లు పట్టుకుని జనం కేకలు వేస్తారా అన్న అనుమానం అనవసరం. శోభా నాగిరెడ్డినీ, ఆ తర్వాత అఖిలప్రియనూ ఊరేగించి శాసనసభకు పంపిన నియోజకవర్గం ఆళ్లగడ్డ.

అసలు అనుమానం పడాల్సింది ఇంకోచోట ఉంది. బండలాగుడు పోటీల్లో ఆడవాళ్లు అరుదుగా కనిపిస్తారు, కబడ్డీ టోర్నమెంట్ల దగ్గరా అంతే. అమ్మాయిలు ఆడే మ్యాచ్‌ను మగవాళ్లే చుట్టూ నిలబడి చూస్తే, తల్లిదండ్రులు రెండో ఆదివారానికే బిడ్డను మానిపిస్తారు. దీన్ని ఉపన్యాసాలతో సరిచేయలేం, ఏర్పాట్లతోనే చేయగలం. నలభై నిమిషాల ఆట టైమవుట్లు, విరామాలతో కలిపి రెండు గంటల్లోపే ముగుస్తుంది. సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ఆరుకల్లా అయిపోతుంది. కూర్చోవడానికి విడి మెట్లు, నీళ్లున్న మరుగుదొడ్డి, గేటు దగ్గర ఒక మహిళా కానిస్టేబుల్ కావాలి. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య దూరం నలభై కిలోమీటర్ల పైచిలుకు. నంద్యాలలో మ్యాచ్ ఉన్న ఆదివారం ఆళ్లగడ్డ నుంచి వచ్చే ఆడవాళ్లకు తిరుగు బస్సు ఆరున్నరకు స్టేడియం ముందే నిలబడి ఉండాలి. ఆ బస్సు సంగతి ఆర్టీసీ డిపోతో మాట్లాడాకే ఫిక్చర్లు అచ్చు వేయించాలి.