పెరటి పువ్వుకు ఒక ఫొటో

"సాయంత్రానికి వాడిపోయే పువ్వుకు ఫొటో ఎందుకమ్మా?" అని పెద్దవారు అడుగుతుంటారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే జవాబు కూడా అందులోనే ఉన్నది. వాడిపోతుంది గనుకనే ఫొటో తీయాలి. మందారం ఉదయం విచ్చుకుంటే దాదాపు ఒక్క రోజే దాని ఆయుష్షు. చంద్రకాంత సాయంత్రం నాలుగు దాటితే గాని కళ్లు తెరవదు. పారిజాతం రాత్రి పూసి, మనం లేచేసరికి నేల మీద ఉంటుంది. ఈ వేళలు తెలిసినవారికే ఆ పువ్వులు చిక్కుతాయి. పువ్వుల ఫొటోలు తీయడం నేర్చుకోవడమంటే మొదట మన పెరటి వేళలు నేర్చుకోవడమే.

దీనికి ఊటీ తోటలకో, పూల ప్రదర్శనలకో వెళ్లనక్కరలేదు. అమెరికాలో ఇమోజెన్ కన్నింగ్‌హామ్ అనే స్త్రీ ఉండేది. 1910లో సియాటిల్ నగరంలో సొంత స్టూడియో తెరిచిన ఛాయాగ్రాహకురాలు. తరువాత పెళ్లయింది, వరుసగా ముగ్గురు మగపిల్లలు పుట్టారు, అందులో ఇద్దరు కవలలు. కాలిఫోర్నియాకు వచ్చిన తరువాత ఆ పిల్లలను విడిచి బయటికి వెళ్లే వీలు లేక, తన తోటలోని మొక్కలనే ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. 1925 ప్రాంతంలో ఆమె తీసిన మాగ్నోలియా పువ్వు చిత్రం నేటికీ ప్రపంచ ప్రసిద్ధం. 1976లో 93వ ఏట మరణించేవరకు ఆమె కెమెరాను విడువలేదు. ఇంటి పనులతో గడప దాటలేని తల్లులు, ఉద్యోగ విరమణ చేసినవారు, మోకాళ్ల నొప్పులతో దూరం నడవలేని పెద్దలు ఈ సంగతి గమనించాలి. పది కుండీలున్న వరండా కూడా చాలినంత తోటే.

కెమెరా ఏది?

మీ చేతిలోని ఫోను చాలు. ముందుగా దాని కటకాన్ని మెత్తని నూలుగుడ్డతో తుడవండి. వంటింటి చేతుల జిడ్డు అంటుకుంటే ఎంత ఖరీదైన ఫోనైనా మసక ఫొటోనే ఇస్తుంది. ఫిల్ము రోజులలో ఒక రీలుకు 36 ఫొటోలే వచ్చేవి. కడిగించేవరకు ఏది బాగా వచ్చిందో తెలిసేది కాదు. ఇప్పుడు ఆ ఖర్చు లేదు. కాని ఒక్కొక్క ఫొటోకు ముందు నిలబడి చూసే ఆ అలవాటు మాత్రం ఇప్పటికీ అవసరమే.

వెలుతురు

మిట్ట మధ్యాహ్నపు ఎండ పువ్వులకు మేలు చేయదు. రేకుల మీద ఒకవైపు తెల్లని మెరుపు, మరొకవైపు నల్లని నీడ పడి రంగు పాడవుతుంది. ఉదయపు నీరెండ, మబ్బు పట్టిన రోజు, చూరు కింద నీడ మంచివి. ఎండలోనే తీయవలసి వస్తే ఇంట్లో ఒకరిని పిలిచి, పలుచని తెల్ల పంచెను పువ్వుకు పైగా పట్టుకొమ్మనండి. ఎండ వడకట్టినట్టు దిగుతుంది. నీడ వైపు ఒక తెల్ల కాగితమో, థర్మోకోల్ ముక్కో ఆనించి పెడితే ఆ వైపు కూడా వెలుగు పడుతుంది. ఫ్లాష్ వాడకండి.

ఎర్ర మందారం బలమైన వెలుతురులో ఒకే ఎర్రటి ముద్దగా వస్తుంది. రేకుల మీది ఈనెలు కనబడవు. నందివర్ధనం ముదురాకుల మధ్య తెల్లగా వెలిసిపోతుంది. తెర మీద పువ్వును వేలితో తాకండి. చాలా ఫోనులలో చిన్న సూర్యుని గుర్తు వస్తుంది. దానిని కొంచెం కిందికి జరిపితే వెలుతురు తగ్గి, రేకులలోని గీతలు బయటపడతాయి. తెల్ల పువ్వే తెరంతా నిండినప్పుడు మాత్రం అది బూడిద రంగుకు తిరగవచ్చు. అప్పుడు అదే గుర్తును పైకి జరపాలి.

దూరం, ఎత్తు

కొత్తవారు ఫోనును పువ్వుకు తగిలేంత దగ్గరగా పెడతారు. చాలా ఫోనుల ముఖ్య కటకం మరీ దగ్గరి వస్తువును స్పష్టంగా చూపలేదు. ఒక జానెడు వెనుకకు జరిగి తీయండి. అక్కరలేని అంచులను తరువాత కత్తిరించవచ్చు.

పైనుండి వంగి చూసే చూపు మనకు రోజూ ఉన్నదే. ఒక పీట వేసుకుని కూర్చుని, కెమెరాను పువ్వు ఎత్తుకు దించండి. మందారాన్ని పక్కనుండి చూస్తే, మధ్యలోని కాడ చివర అయిదు చిన్న బొడిపెలు కనిపిస్తాయి. ఎన్నేళ్లుగానో జడలో పెట్టుకున్నవారు కూడా వాటిని లెక్కపెట్టి ఉండరు. ఎదురుగా తీస్తే ఆ కాడ మన వైపు పొడుచుకు వచ్చి, అది స్పష్టమైతే రేకులు మసకబారతాయి. పక్కనుండి తీస్తే రెండూ ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి గనుక రెండూ చక్కగా పడతాయి.

వెనుక ఏముంది?

పువ్వు ఎంత అందమైనదైనా, దాని వెనుక ప్లాస్టిక్ బకెట్టు ఉంటే కన్ను అటే పోతుంది. మీట నొక్కేముందు తెర నాలుగు మూలలూ ఒకసారి చూడండి. ఒక అడుగు పక్కకు జరిగితే చాలు, బకెట్టు పోయి నీడపట్టున ఉన్న గోడ వెనుకకు వస్తుంది. నీడలోని గోడ ముందు వెలుతురులోని పువ్వు దీపంలా నిలుస్తుంది. పువ్వుకు, గోడకు మధ్య ఎడం ఎక్కువగా ఉంటే గోడ మీది మరకలు కూడా కలిసిపోతాయి.

గాలికి కొమ్మ ఊగుతుంటే తొందరపడకండి. గాలి కొన్ని క్షణాలు ఆగుతుంది, అప్పుడు తీయండి. ఫొటో కోసం పువ్వును తుంచవద్దు. దాని మీదికి రాబోయే తేనెటీగ మీ ఫొటోకు అతిథి.

ఏడు రోజుల అభ్యాసం

ఒకే మొక్కను ఎంచుకోండి. దానికి ఏడు రోజులు, రోజుకు మూడే ఫొటోలు తీయండి. మొగ్గ, విచ్చుకున్న పువ్వు, వాడిన పువ్వు అన్నీ తీయండి. మొదలుపెట్టేవారికి బంతి మంచిది. చాలా రోజులు నిలుస్తుంది, గాలికి అంతగా తల ఊపదు. వారం చివర ఇంటిల్లిపాది కూర్చుని 21 ఫొటోలలో ఒక్కదానిని ఎంచండి. ఎందుకు నచ్చిందో పిల్లలను చెప్పమనండి. గంటల తరబడి ఫోనులో తల దూర్చే పిల్లవాడు అదే ఫోనుతో తలెత్తి కొమ్మ వైపు చూడడం చిన్న మార్పు కాదు.

చివరిగా ఒక మాట. మన ఊళ్లలో పెరళ్లు తరిగిపోతున్నాయి. పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు నాయనమ్మ నాటిన నందివర్ధనం, బావి గట్టున ఉన్న పారిజాతం ముందుగా పోతాయి. ఇంటి ముందు అందరూ నిలబడి తీయించుకున్న ఫొటోలు ప్రతి కుటుంబంలోనూ ఉంటాయి. ఆ చెట్టు ఫొటో మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. మీరు ఎంచుకున్న ఆ ఒక్క ఫొటోను స్టూడియోలో అచ్చు వేయించి, వెనుక మొక్క పేరు, నాటినవారి పేరు, తేదీ రాసి ఆల్బంలో పెట్టండి. నాటిన మనిషి ఇంకా ఇంట్లోనే ఉంటే, ఈ ఆదివారమే ఆ పూల పక్కన ఒక కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టండి.