ఎద్దు చనిపోయిన ఇంట పరామర్శ

జడ్చర్ల పరిసరాల చల్క నేలల్లో ట్రాక్టర్లు ఎంత పెరిగినా, ఏరువాక పున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి మొక్కే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అటువంటి ఇంట కాడెద్దు చనిపోతే, ఆ నష్టాన్ని ఇరుగుపొరుగువారు తరచుగా రూపాయల్లోనే లెక్కిస్తారు. మనిషి పోతే బంధువులు పరామర్శకు వస్తారు, కర్మకాండ ఉంటుంది, కొన్నాళ్లు పని మానుకున్నా ఎవరూ తప్పుపట్టరు. పశువును గొయ్యి తీసి పూడ్చిన మరునాడే యజమాని చేనుకు పోవలసి ఉంటుంది. సమాజం గుర్తించని ఇటువంటి శోకాన్ని అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఒక ప్రత్యేక భావనగా వివరించాడు: బాధితునికి దుఃఖించే హక్కే లేదన్నట్లు చుట్టూ ఉన్నవారు ప్రవర్తిస్తే, ఆ దుఃఖాన్ని అతడు ఒంటరిగా మోయవలసి వస్తుందని దాని సారాంశం.

‘ఇంకొకటి కొనుక్కోవచ్చు’ అనడం, మేలుకోరి అన్నదే అయినా, సరిగ్గా ఆ హక్కునే కాదంటుంది. చనిపోయిన ఎద్దును పేరుతోనే ప్రస్తావిస్తూ, అది ఏ సంతలో దొరికిందో, కాడికి ఏ వైపున నడిచేదో అడిగి, చెప్పేది చివరిదాకా వినడం మేలు. వైద్యుణ్ని ముందే పిలవలేదన్న అపరాధభావం బయటపడితే, దానిని వెంటనే కొట్టిపారేయక, ఆనాడు యజమానికి తెలిసినదెంతో గుర్తుచేయాలి. పిల్లలకు మాత్రం ‘నిద్రపోయింది’ అని చెప్పకూడదు. చిన్న వయసువారు నిద్రకే భయపడవచ్చు. బీమా ఉన్న పశువైతే చెవి ట్యాగు, పశువైద్యుని ధ్రువపత్రం సాధారణంగా అడుగుతారు కనుక, పూడ్చకముందే వాటిని సమకూర్చే పని దగ్గరివారెవరైనా తలకెత్తుకోవడం మంచిది.