గానుగ సున్నం

సిమెంటు రాకముందు తెలుగునాట కోటలను, మేడలను నిలబెట్టింది సున్నమే. 1591లో కట్టిన చార్మినార్ రాతి కట్టుబడిని పట్టి ఉంచిందీ అదే. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి కాలిస్తే, అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నీళ్లు పోయగానే అది చేయి కాలేంత వేడెక్కి, పొంగి, మెత్తబడుతుంది. దానికి ఇసుక చేర్చి, గుండ్రటి గాడిలో ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద, అంటే గానుగలో, బాగా నలగనిచ్చేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కూడా కలపడం మేస్త్రీల ఆనవాయితీ.

అసలు విశేషం గోడ కట్టిన తరువాతే మొదలవుతుంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుంటూ తిరిగి రాయిగా మారుతుంది. మందపాటి గోడల్లో ఈ మార్పు ఏళ్ల తరబడి సాగుతుంది. సిమెంటు దారి వేరు. అది నీటితో చర్య జరిపి గట్టిపడుతుంది. కాబట్టే మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడి ఆరనివ్వకూడదు.

పాత సున్నపు గోడకు సిమెంటు పూత పూయడం మరమ్మతు కాదు, హాని. ఆ పూత చెమ్మను బయటికి పోనివ్వదు. లోపలి ఇటుక క్రమంగా గుల్లబారి రాలిపోతుంది. అక్కడ మళ్లీ సున్నమే వాడాలి.