పాల లెక్కలకు జంట డిస్కులు

ఉదయం, సాయంత్రం పాలు పోసే ప్రతి సభ్యుని పేరున లీటర్లు, వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం, ధర నమోదవుతాయి. చౌటుప్పల్ వంటి మెట్ట ప్రాంతంలో వానలు తప్పిన ఏడు ఇల్లు గడిచేది పాల బిల్లు మీదనే. ఆ బిల్లుకు ఆధారం ఈ అంకెలే.

పూర్వం ఈ లెక్కను సంఘం రిజిస్టరులో ఒకసారి, సభ్యుని పాస్ పుస్తకంలో ఒకసారి రాసేవారు. రిజిస్టరు తడిసినా పుస్తకాలు చూసి లెక్క తిరిగి కట్టుకునేవారు. లెక్కలు కంప్యూటరుకు ఎక్కిన చోట అవి డిస్కులో ఉంటాయి. డిస్కు కూడా యంత్రమే, ఏదో ఒకనాడు చెడుతుంది. అది ఒక్కటే ఉంటే దానితోపాటు మన లెక్కలూ పోతాయి. కనుక రెండు డిస్కులు పెట్టి, రాసే ప్రతి అంకెనూ రెండింటిలోనూ ఒకేసారి రాయించాలి. ఒకటి చెడినా రెండోదానితో పని ఆగకుండా సాగుతుంది. దీనినే అద్దం పద్ధతి అంటారు.

మూడు పద్ధతులు

1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఇటువంటి పద్ధతులను వర్గీకరించి ‘రైడ్’ అనే పేరుతో వివరించారు. వాటి నుండి వచ్చిన మూడింటిని తెలుసుకుంటే మనకు చాలును.

రైడ్ 1: రెండు డిస్కులు, ఒకదానికి ఒకటి నకలు. చోటు ఒక డిస్కుదే దక్కుతుంది.

రైడ్ 10: ఇటువంటి జతలు రెండు లేక అంతకు మించి కలిపి వాడుట. నాలుగింటిలో ఏ ఒక్కటి చెడినా నష్టం లేదు. ఒకే జతలోని రెండూ చెడితేనే ప్రమాదం.

రైడ్ 5: మూడు లేక అంతకు మించిన డిస్కులపై సమాచారంతోపాటు సరిచూసే లెక్కను పంచి రాస్తారు. నాలుగు డిస్కులు పెడితే మూడింటి చోటు దక్కుతుంది. కాని ఒక చిన్న అంకె మార్చాలన్నా సాధారణంగా రెండుసార్లు చదివి రెండుసార్లు రాయాలి. అద్దం పద్ధతిలో రెండుసార్లు రాస్తే చాలు.

మనకు ఏది తగును?

వంద మంది సభ్యులు రోజుకు రెండు పూటలు పాలు పోస్తే ఏడాదికి 73,000 పద్దులు. పద్దుకు 200 అక్షరాల చోటు వేసుకున్నా మొత్తం సుమారు 15 మెగాబైట్లు మాత్రమే. అంటే చోటు మనకు సమస్య కాదు, చోటు ఆదా కోసం రైడ్ 5 జోలికి పోనక్కరలేదు. సంఘానికి రైడ్ 1 చాలును. అనేక సంఘాల పద్దులు ఒకేసారి వచ్చిపడే యూనియన్ సర్వరుకు రైడ్ 10 మేలు.

జంట ఉన్నదని నిశ్చింత వద్దు

పొరపాటున ఒకరి ఖాతా చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. తప్పు వెన్న శాతం రాస్తే రెండింటిలోనూ తప్పే ఉంటుంది. దొంగతనం, అగ్నిప్రమాదం జరిగితే రెండూ కలిసే పోతాయి. అద్దం పద్ధతి డిస్కు చెడుట నుండి మాత్రమే కాపాడుతుంది. అందువలన విడి నకలు తప్పనిసరి.

పాలకవర్గంవారు ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. రెండు డిస్కులూ ఒకే తయారీ విడతవి కాకుండా చూడాలి. ఒకే లోపం ఉంటే రెండూ దగ్గర దగ్గరగా చెడవచ్చు.
2. ఒక డిస్కు చెడినా పని సాగుతూనే ఉంటుంది కనుక ఎవరికీ తెలియకపోవచ్చు. చెడినట్లు హెచ్చరిక కార్యదర్శికి అందే ఏర్పాటు చేసి, వెంటనే మార్పించాలి.
3. కరెంటు పోయినప్పుడు రాత మధ్యలో ఆగకుండా యూపీఎస్ పెట్టాలి.
4. రోజూ ఒక నకలు తీసి వేరే భవనంలో ఉంచాలి. పాత నకళ్లు కొన్నింటిని చెరపకుండా దాచాలి. అప్పుడప్పుడు ఒకదానిని తెరిచి లెక్క సరిగా వస్తున్నదో లేదో చూడాలి.

సభ్యులు కూడా ప్రతి పూట చీటీ తీసుకుని, బిల్లు వచ్చేవరకు భద్రపరచుకోవాలి. రాబోయే సర్వసభ్య సమావేశంలో, ‘మన లెక్కలు ఎన్ని చోట్ల ఉన్నాయి?’ అని తప్పక అడగండి.