శీతోష్ణస్థితి పటమున మన మెట్టసీమ

శీతోష్ణస్థితి పటమునందు గుంటూరు, ప్రకాశము సీమలను చూచిన చదువరికి ప్రధానముగా రెండు రంగులు కానవచ్చును: తీరమువైపు ఒకటి, పడమటి కొండలవైపు మరియొకటి. ఈ రంగులు ఎట్లు వేయుదురో మన రైతులెరుగుట అవసరమని మా యభిప్రాయము.

కోపెన్ పండితుడు 1884లో ఆరంభించి జీవితాంతము దిద్దుచు వచ్చిన పద్ధతి యిది. ఏటి సగటు వేడిమిని డిగ్రీలలో తీసికొని 20చే హెచ్చింపవలెను. వర్షము ఏడాది రెండు సగములందును పంచుకొని కురియు చోట 140 కలుపవలెను. నూటికి 70 వంతులు ఏప్రిలు మొదలు సెప్టెంబరు లోపలనే కురియు చోట 280 కలుపవలెను. ఏటి వర్షము, మిల్లీమీటర్లలో, ఈ సంఖ్యకు తక్కువైనచో ఆ ప్రదేశము అర్ధశుష్కము. అందు సగమునకును చాలనిచో ఎడారి. సగటు వేడిమి 28 డిగ్రీలనుకొందము. మొదటి చోట హద్దు 700, రెండవచోట 840. 750 మిల్లీమీటర్ల వాన ఒకచోట చాలినదగును, మరియొకచోట చాలనిదగును! ఎండకాలపు వాన వేగముగా ఆవిరియగుటయే దీనికి కారణము. గుంటూరువైపు నైరుతి వానయే అధికము. ఒంగోలువైపు ఆశ్వయుజ కార్తికముల వాన ఇంచుమించు దానికి సమానము. కావున రెండు తావులను ఒక్క మొత్తముతో కొలుచుట పొరపాటు.

ఈ లెక్కకు నేల తెలియదు. నల్లరేగడి తాగిన నీటిని ప్రత్తి వేళ్లకు దాచియుంచును. మార్కాపురము వైపు గరపనేలలో అదే వాన త్వరలోనే ఇంకిపోవును. నేల యెంత నీరు దాచును, పైరు ఎంత కోరును అను ప్రశ్నలతో 1948లో థారన్‌త్వైట్ వేరొక పద్ధతి నేర్పరచెను. దానిని భారతదేశమునకు అన్వయించి 1956లో ప్రకటించినవారు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన వి. పి. సుబ్రహ్మణ్యముగారు. ఈ సంగతి మనవారిలో ఎందరెరుగుదురు?

జిల్లా గీతలు వేరు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ప్రకాశము నేర్పరచిరి. 2022లో మరల విడదీసిరి. 1967లో సాగరు కుడికాలువకు నీరు వచ్చిన పిదప పల్నాట పొలములు పచ్చబడెను గాని రెంటచింతల యెండ తగ్గలేదు.

ఇదంతయు పండితుల వినోదమని తలంపరాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినప్పుడు ప్రత్తి చెట్టుననే తడిసెను, మిరపతోటలు నీట నిలిచెను. ఆ నీరును ఏటి మొత్తములో లాభముగానే చేరును. వాతావరణమును బట్టి నష్టమును కట్టు పంటల భీమాలో రైతు పొలమును ఎవరును చూడరు. నిర్ణీత కేంద్రములోని వర్షమాపకమును చూతురు. ఆ కేంద్రము రేగడిలో నుండి, పొలము గరపలో నున్నచో? మేఘము కేంద్రమును విడిచి మన చేలపైననే కురిసినచో?

కావున భీమా కేంద్రముల పరిధులను మండలపు హద్దులతో గాక నేలను, వాన వచ్చు ఋతువును బట్టి గీయవలెనని కోరుచున్నాము. ఏ గ్రామమునకు ఏ వర్షమాపకము ప్రమాణమో, ఏ తేదీల వాన లెక్కకు వచ్చునో, మృగశిర కార్తెకు ముందే గ్రామములలో తెలుగున వ్రాసి అంటింపవలెను.